తప్పు చేయించే మేలు

1974 మే నెల చివర్లో ఒక రాత్రి. కెనడాలోని అంటారియో రాష్ట్రంలో ఎల్‌మైరా అనే చిన్న పట్టణం. పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల కుర్రాళ్లిద్దరు తాగిన మత్తులో వీధులన్నీ తిరిగారు. కనపడిన కార్ల టైర్లు కోశారు, కిటికీల అద్దాలు పగలగొట్టారు. తెల్లారాక లెక్క చూస్తే 22 చోట్ల నష్టం తేలింది. ఆ ఇళ్లవాళ్లతో వాళ్లకు తగాదా లేదు, పాత పగ లేదు. త్వరలోనే పోలీసులకు దొరికిపోయారు, నేరం ఒప్పుకున్నారు.

మామూలుగా అయితే ఆ తర్వాత జరిగేది అందరికీ తెలిసిందే. జడ్జి శిక్ష వేస్తారు, నేరస్తులు దాన్ని అనుభవిస్తారు, నష్టపోయినవాళ్లు తమ కిటికీలు తామే బాగుచేయించుకుంటారు. ఈ కేసులో మాత్రం ప్రొబేషన్ అధికారి మార్క్ యాంట్జీకి, ఆయన మిత్రుడు డేవ్ వర్త్‌కు మరో ఆలోచన వచ్చింది. ఇద్దరూ మెన్నొనైట్లు. అహింసను నియమంగా పెట్టుకున్న క్రైస్తవ శాఖ అది. మన మహబూబ్‌నగర్, జడ్చర్ల వైపు కూడా ఆ పేరుతో చర్చీలు ఉన్నాయి. ఈ కుర్రాళ్లు తాము పాడుచేసిన ప్రతి ఇంటికీ వెళ్లి, ఆ ఇంటివాళ్ల ఎదురుగా నిలబడి మాట్లాడితే ఎలా ఉంటుంది? జడ్జి గోర్డన్ మెకానెల్ మొదట కాదన్నారు, చట్టంలో అలాంటి వీలు లేదన్నారు. తర్వాత మనసు మార్చుకుని కేసు వాయిదా వేశారు. వెళ్లి అందరినీ కలిసి, ఎవరికెంత నష్టం జరిగిందో తెలుసుకుని రమ్మని ఆదేశించారు.

కుర్రాళ్లు ఒక్కో తలుపూ తట్టారు. యాంట్జీ, వర్త్ కాస్త వెనక నిలబడ్డారు. అప్పటికే ఊరు విడిచి వెళ్లిపోయిన ఒకరిని మినహాయిస్తే, మిగిలిన 21 మందినీ కలిశారు. కొందరు కోప్పడ్డారు, కొందరు భయపడిన సంగతి చెప్పారు, కొందరు మంచిమాట చెప్పి పంపారు. బీమా కింద రాని నష్టాన్ని ఇద్దరూ చెరిసగం కట్టాలని కోర్టు తేల్చింది. కొన్ని నెలల్లోనే వాళ్లు మళ్లీ అవే ఇళ్లకు వెళ్లి, ఎవరి సొమ్ము వారికి అప్పజెప్పి వచ్చారు.

ఆ ఇద్దరు కుర్రాళ్లలో ఒకరికి చాలా ఏళ్ల తర్వాత ఓ చిత్రమైన అనుభవం ఎదురైంది. ముదురు వయసులో కాలేజీలో చేరి చదువుకుంటున్నాడు. క్లాసుకు వచ్చిన వక్త ‘ఎల్‌మైరా కేసు’ గురించి చెప్పసాగారు. నేరం చేసినవారిని, నష్టపోయినవారిని ఎదురెదురుగా కూర్చోబెట్టే ‘రెస్టొరేటివ్ జస్టిస్’ అనే పద్ధతి ప్రపంచమంతా పాకడానికి ఆ కేసే నాంది అన్నారు. తాను చేసిన తుంటరి పని చరిత్రలోకి ఎక్కిందని ఆ మనిషికి అప్పటిదాకా తెలియదు. ఆ తర్వాత ఆయన, తన కేసు నుంచే పుట్టుకొచ్చిన సంస్థలో స్వచ్ఛంద కార్యకర్తగా చేరాడు. తనలాంటి కుర్రాళ్లను వాళ్లు నష్టపరిచినవారి దగ్గరికి తీసుకువెళ్లే పనికి చేయందించాడు. బాధితుల ఎదుట నిలబడటం తన జీవితంలో చేసిన అత్యంత కష్టమైన పనుల్లో ఒకటని బహిరంగంగానే చెప్పాడు.

కట్టాల్సిన డబ్బు ఆయన ఎప్పుడో కట్టేశాడు. చట్టం లెక్కలో ఆయన ఎవరికీ ఏమీ బాకీ లేడు. అయినా, బాకీ తీరాక కూడా ఇతరుల కోసం ఏదో చేయాలన్న తపన ఎలా మిగిలింది? తప్పు చేశానన్న బాధ మనిషిని ఎప్పుడు ఇతరులవైపు నడిపిస్తుంది, ఎప్పుడు తనలోకి తానే ముడుచుకుపోయేలా చేస్తుంది? మనస్తత్వ శాస్త్రవేత్తలు గత యాభై అరవై ఏళ్లుగా ఈ ప్రశ్న వెంట పడుతున్నారు.

బంధం ఉన్నచోటే బాధ

అపరాధ భావాన్ని చాలాకాలం మనసులో కూర్చున్న పోలీసులా చూశారు. ఫ్రాయిడ్ దృష్టిలో అది మనిషి తనను తాను దండించుకునే ఏర్పాటు. 1994లో అమెరికన్ శాస్త్రవేత్తలు రాయ్ బౌమైస్టర్, ఆర్లిన్ స్టిల్‌వెల్, టాడ్ హెదర్టన్ ఈ అభిప్రాయాన్ని పక్కనపెట్టి వేరే మాట చెప్పారు. అపరాధ భావం ఒంటరి మనసులో పుట్టేది కాదు, ఇద్దరు మనుషుల మధ్య పుట్టేది. మనం ఎవరితో ముడిపడి ఉన్నామో వారిని నొప్పించినప్పుడే అది గట్టిగా గుచ్చుతుంది.

ఎవరి అనుభవంలోనైనా ఇది కనపడుతుంది. ముక్కూమొహం తెలియని మనిషి ఫోను ఎత్తకపోతే మనకేమీ అనిపించదు. అమ్మ మూడుసార్లు చేసినా ఎత్తకపోతే రాత్రి పడుకునే ముందైనా గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమంటుంది. నొప్పించినది ఎంత దగ్గరివాళ్లనైతే బాధ అంత ఎక్కువ. ఆ బాధ ఊరికే ఉండనివ్వదు. మర్నాడు పొద్దున్నే ఫోను చేయిస్తుంది, వీలైతే ఆదివారం ఊరికి తీసుకెళ్తుంది.

ఈ బాధ మూడు పనులు చేస్తుందని బౌమైస్టర్ బృందం వివరించింది. ఒకటి, బంధాన్ని పట్టించుకునేలా చేస్తుంది. రెండు, బాధను పంచుతుంది. మనల్ని నొప్పించినవారు కూడా నొచ్చుకుంటున్నారని తెలిస్తే మన కోపం కొంత దిగుతుంది, తప్పు చేసినవారికి కొంత బరువెక్కుతుంది, ఇద్దరూ ఒక దారిన పడతారు. మూడు, బలహీనులకు బలవంతుల మీద కాస్త పట్టు ఇస్తుంది. అధికారం, డబ్బు, గొంతు ఏవీ లేని మనిషి కూడా “నువ్విలా చేస్తే నా మనసు కష్టపడింది” అని చెప్పి అవతలివారిని ఆపగలగడం ఈ భావం వల్లనే సాధ్యం.

పాడైన కెమెరా, చిరిగిన సంచి

1972లో అమెరికాలో డెనిస్ రేగన్ బృందం ఒక షాపింగ్ సెంటర్‌లో చేసిన ప్రయోగం ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఒక యువకుడు అటుగా వెళ్తున్న మహిళలను ఆపి, తన కెమెరాతో ఒక ఫొటో తీసిపెట్టమని అడిగేవాడు. మీట నొక్కితే కెమెరా పనిచేసేది కాదు. కొందరితో “ఇది మామూలే, తరచూ ఇలాగే మొరాయిస్తుంది” అనేవాడు. మరికొందరితో మాత్రం వాళ్ల చేతిలోనే అది పాడైనట్టు మాట్లాడేవాడు. కాసేపటికి వాళ్ల ముందు మరో యువతి నడిచి వెళ్లేది. ఆమె చేతిలోని సంచి చిరిగి, లోపలి తినుబండారాలు కింద పడుతూ ఉండేవి.

తమ తప్పేమీ లేదనుకున్నవారిలో 15 శాతం మంది ఆమెను ఆపి ఆ సంగతి చెప్పారు. కెమెరా తమ వల్ల పాడైందనుకున్నవారిలో 55 శాతం మంది చెప్పారు. గమనించాల్సింది ఏమిటంటే, సంచి చిరిగిన యువతికీ కెమెరా యువకుడికీ ఏ సంబంధమూ లేదు. ఒకరికి చేసిన నష్టం మరొకరికి చేసే సాయంగా పారింది.

అయితే ఆ ప్రవాహానికి వేరే దారి దొరికితే? 1975లో వెలువడిన ఒక అధ్యయనం ఈ సంగతి చూసింది. కేథలిక్ చర్చిలో పాపం ఒప్పుకోవడానికి లోపలికి వెళ్తున్నవారిని, ఒప్పుకుని బయటికి వస్తున్నవారిని ఒక సేవాసంస్థకు విరాళం అడిగారు. లోపలికి వెళ్తున్నవారే ఎక్కువగా ఇచ్చారు. బయటికి వచ్చినవారి మనసు అప్పటికే తేలికపడింది, ఇవ్వాలన్న తొందరా తగ్గింది. మనసులోని బరువు ఎవరికీ ఏమీ ఇవ్వకుండానే దిగిపోతే, దానితోపాటు బాధ్యత కూడా సన్నగిల్లవచ్చన్నమాట.

ప్రపంచంలోని మతాలు ఈ ప్రమాదాన్ని ఏనాడో పసిగట్టాయి. చిన్న చిన్న దొంగతనాలకు మనుస్మృతి ప్రాయశ్చిత్తం విధించిన చోట, ముందు ఆ వస్తువును సొంతదారుకు తిరిగి ఇచ్చేయాలన్న షరతు కూడా పెట్టింది. యూదుల మిష్నా గ్రంథం ప్రకారం, సాటి మనిషికి చేసిన తప్పు ఆ మనిషిని సమాధానపరిచేదాకా యోమ్ కిప్పూర్ అనే ప్రాయశ్చిత్త దినాన చేసే ఉపవాసంతో పోదు. ఇస్లాంలో తౌబా (పశ్చాత్తాపం) చేసే మనిషి, తాను హరించిన ఇతరుల హక్కును వారికి తిరిగి ముట్టజెప్పాలి. సువార్తలోని పన్నుల అధికారి జక్కయ్య, అన్యాయంగా తీసుకున్న సొమ్ముకు నాలుగింతలు తిరిగి ఇస్తానని మాట ఇచ్చాడు. దేవుడికీ భక్తుడికీ మధ్య లెక్క తేలినా, నష్టపోయిన మనిషితో లెక్క వేరేగా ఉంటుందని ఈ సంప్రదాయాలన్నీ చెప్పాయి.

మూడేళ్ల వయసులోనే

పిల్లల్లో ఈ భావం ఎప్పుడు మొదలవుతుంది? అమృషా వైష్, మలిండా కార్పెంటర్, మైఖేల్ టోమసెల్లో అనే పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో రెండేళ్ల, మూడేళ్ల పిల్లలను పరిశీలించారు. పెద్దవారి వస్తువు ఒకటి పాడవుతుంది. ఒక్కోసారి అది పిల్లవాడి చేతి వల్లే జరుగుతుంది, ఒక్కోసారి వేరేవారి వల్ల జరుగుతుంది. మూడేళ్ల పిల్లలు రెండింటికీ తేడా చూపించారు. ఎవరో పాడుచేస్తే జాలిపడ్డారు. తమ వల్ల పాడైతే మాత్రం దాన్ని బాగుచేయడానికి ఇంకా ఎక్కువగా పూనుకున్నారు. అంటే జాలికి పైన మరో పొర ఏర్పడుతోంది. ‘పాపం’ అనుకోవడం వేరు, ‘నా వల్లే’ అనుకోవడం వేరు. ఇంకా సరిగా బూట్లు వేసుకోవడం రాని వయసులోనే ఈ రెండోది చేతులను కదిలిస్తోంది.

ఇక్కడ తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు అక్కరకొచ్చే విషయం ఒకటుంది. తప్పు చేసినప్పుడు మనసులో రెండు రకాల బాధలు పుట్టవచ్చు. “నేను చేసిన పని చెడ్డది” అనేది ఒకటి. “నేనే చెడ్డవాణ్ని” అనేది మరొకటి. మొదటిది అపరాధ భావం, రెండోది సిగ్గుతో కుంగిపోవడం. అమెరికన్ మనస్తత్వవేత్త జూన్ టాంగ్నీ తన వృత్తి జీవితంలో సింహభాగం ఈ రెండింటి తేడాను పట్టుకోవడానికే వెచ్చించారు. పని చెడ్డదనుకున్న మనిషి ఆ పనిని దిద్దగలడు, అందుకే ఎదుటివారి వైపు కదులుతాడు. తానే చెడ్డవాణ్ననుకున్న మనిషికి దిద్దుకునే చోటు దొరకదు. తల దించుకుంటాడు, తప్పించుకు తిరుగుతాడు, చివరికి నెపం ఇంకొకరి మీదికి నెడతాడు.

టాంగ్నీ బృందం 2014లో ప్రచురించిన అధ్యయనంలో 476 మంది ఖైదీలను జైల్లో ఉండగా ప్రశ్నించి, విడుదలైన తర్వాత ఏడాదిపాటు వాళ్ల సంగతి గమనించింది. చేసిన పనికి బాధపడే గుణం ఎక్కువగా ఉన్నవారు మళ్లీ నేరాల జోలికి వెళ్లడం తక్కువగా కనపడింది. సిగ్గుతో కుంగినవారి విషయం అంత సూటిగా లేదు. ఆ సిగ్గు ఇతరులను నిందించడంగా మారినప్పుడు మళ్లీ నేరం చేసే అవకాశం పెరిగింది.

“వెధవా, నువ్వు బాగుపడవురా” అని పిల్లవాణ్ని పదిమందిలో తిట్టే పెద్దలు, తప్పు గురించి వాడు ఆలోచించాలనే తిడతారు. కానీ ఆ మాట తాకేది వాడు చేసిన పనిని కాదు, వాణ్ని. చెల్లెలి పుస్తకం చించిన పిల్లవాడు ఆ క్షణంలో చెల్లెలి గురించి ఆలోచించడు. తన మీద పడుతున్న చూపుల గురించే ఆలోచిస్తాడు.

ఎర్రగుడి బండల మీద ఒక రాజు

తప్పు ఒక మనిషిది, ఒక ఇంటిది కాకుండా రాజ్యానిదైతే? ఇందుకు అతి పురాతన ఉదాహరణ మన కర్నూలు జిల్లాలోనే ఉంది. గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో ఎర్రగుడి గ్రామం దగ్గర అశోకుడి శాసనాలు చెక్కిన బండలు ఉన్నాయి. 1929లో అవి వెలుగులోకి వచ్చాయి. అశోకుడి పద్నాలుగు పెద్ద శిలాశాసనాలూ, చిన్న శిలాశాసనాలూ ఒకే చోట దొరకడం దేశంలోనే అరుదు.

వాటిలో పదమూడోది కళింగ యుద్ధం గురించి. క్రీ.పూ. 261 ప్రాంతంలో, పట్టాభిషేకమైన ఎనిమిదేళ్లకు అశోకుడు కళింగను గెలిచాడు. లక్ష మంది చనిపోయారని, లక్షన్నర మందిని ఆ నేల నుంచి తరలించారని, అంతకు ఎన్నో రెట్ల మంది ఆ తర్వాత ప్రాణాలు కోల్పోయారని రాజే తన శాసనంలో చెక్కించాడు. గెలిచిన రాజులు చంపిన శత్రువుల లెక్కను గొప్పగా చాటుకున్న శాసనాలు మన చరిత్రలో కొల్లలు. ఆ లెక్కే చెప్పి, అందుకు తాను దుఃఖిస్తున్నానని ప్రజలకు చాటిన రాజు అశోకుడు. ప్రాణాలు పోగొట్టుకున్నవారి గురించే కాదు, బతికి ఉండి ఆత్మీయులను కోల్పోయినవారి బాధ గురించి కూడా ఆ శాసనం మాట్లాడుతుంది.

మిగతా శాసనాలను దీని పక్కన పెట్టి చదివితే ఆ దుఃఖం ఎటు ప్రవహించిందో తెలుస్తుంది. రెండో శాసనం మనుషులకూ పశువులకూ వైద్యం, ఔషధ మొక్కల పెంపకం, దారుల వెంట బావులు, చెట్ల గురించి చెబుతుంది. తాను పడే శ్రమంతా ప్రాణులకు తాను పడిన రుణం తీర్చుకోవడానికేనని ఆరో శాసనంలో అంటాడు. రాజుకు ప్రజలు రుణపడి ఉంటారనుకునే కాలంలో, రాజే ప్రజలకు రుణపడ్డాడన్న మాట అది.

ఆ పశ్చాత్తాపానికి హద్దులూ ఉన్నాయి. అశోకుడు కళింగను తిరిగి ఇచ్చేయలేదు. తన రాజ్యంలోని అడవి జాతులకు అదే పదమూడో శాసనంలో హెచ్చరిక కూడా చేశాడు. బాధపడుతున్నా దండించే శక్తి తనకు ఉందన్నాడు. పైగా కళింగలోని ధౌలి, జౌగడ బండల మీద పదమూడో శాసనాన్ని చెక్కించలేదు. ఎవరికి గాయమైందో వాళ్ల కళ్ల ముందు మాత్రం ఆ యుద్ధం మాట రాలేదు. దాని బదులు అక్కడ వేరే ఆజ్ఞలు కనిపిస్తాయి. ప్రజలంతా తన బిడ్డలని, ఎవరినీ అన్యాయంగా చెరసాలలో పెట్టరాదని అధికారులను ఆదేశించే ఆజ్ఞలవి.

తాము చేయని తప్పుకు

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జర్మన్ల ముందు ఇంకా పెద్ద ప్రశ్న నిలిచింది. దాదాపు అరవై లక్షల మంది యూదులను నాజీ రాజ్యం చంపేసింది. ఆ పాపం ఎవరిది? తత్వవేత్త కార్ల్ యాస్పర్స్ 1946లో ఈ విషయం మీదే ఒక చిన్న పుస్తకం రాశారు. భార్య యూదు కావడం వల్ల నాజీల కాలంలో విశ్వవిద్యాలయం ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి ఆయన. నేరం చేసినవాడి అపరాధం వేరు, ఆ రాజ్యంలో పౌరుడిగా ఉన్నవాడి బాధ్యత వేరు, మనస్సాక్షి ముందు ఎవరికి వారు తేల్చుకోవాల్సింది వేరు అని ఆయన విడదీసి చూపించారు. జాతి మొత్తం నేరస్తుల జాతి అనడాన్ని ఆయన ఒప్పుకోలేదు. కానీ తమ రాజ్యం చేసిన పనుల పర్యవసానం మోయకుండా పౌరులు తప్పించుకోలేరని స్పష్టం చేశారు.

ఈ ఆలోచనకు కాళ్లూ చేతులూ ఇచ్చినవారు లోథార్ క్రైసిగ్. ఆయన జడ్జి. మానసిక వికలాంగులను, రోగులను రహస్యంగా చంపే నాజీ పథకాన్ని 1940లో బాహాటంగా ఎదిరించి, ఉద్యోగం వదులుకోవాల్సి వచ్చిన మనిషి. అంటే జర్మనీలో తలెత్తుకు తిరగడానికి అందరికన్నా ఎక్కువ అర్హత ఉన్నవారిలో ఒకరు. 1958లో బెర్లిన్‌లో జరిగిన ప్రొటెస్టెంట్ చర్చి మహాసభలో ఆయనే ఒక పిలుపు ఇచ్చారు. జర్మనీ చేతిలో నష్టపోయిన దేశాలకు యువకులను పంపుదాం, అక్కడ తమ చేతులతో ఏదైనా మంచి పని చేయనివ్వమని ఆ ప్రజలను అడుగుదాం అన్నది దాని సారాంశం. ‘ఆక్షన్ సూనెసైషెన్’ (ప్రాయశ్చిత్త చిహ్న కార్యక్రమం) అనే సంస్థ అలా పుట్టింది.

మరుసటి ఏడాది నుంచే యువకులు నెదర్లాండ్స్, నార్వే వెళ్లారు. 1961లో, నాజీ అధికారి అడాల్ఫ్ ఐక్‌మన్ విచారణ జరిగిన ఏడాదే, మొదటి బృందం ఇజ్రాయెల్ చేరింది. 1940 నవంబరులో జర్మన్ విమానాలు బాంబులు వేసి కూల్చిన ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ కెథెడ్రల్‌లో, శిథిలాల ఒక భాగాన్ని పునర్నిర్మించడానికి జర్మన్ యువతీయువకులే ఇటుకలు మోశారు. ఫ్రాన్స్‌లోని టేజే గ్రామంలో 1962లో ప్రారంభమైన సయోధ్య చర్చిని కట్టిందీ వీళ్లే. మొదట్లో ఇళ్లు, చర్చీలు కట్టిన సంస్థ, క్రమంగా మనుషుల దగ్గరికి చేరింది. నాజీ శిబిరాల నుంచి బతికి బయటపడిన వృద్ధుల దగ్గర కూర్చోవడం, వికలాంగులకు సాయపడటం, శిబిర స్మారకాల్లో పనిచేయడం దాని రోజువారీ పనులయ్యాయి. ఇప్పటికీ ఏటా వందమందికి పైగా యువత ఇలా వెళ్తోంది.

వీళ్లలో ఎవరూ ఏ నేరమూ చేయలేదు. యుద్ధమయ్యాక పుట్టినవారే ఎక్కువ. 1970 డిసెంబరులో వార్సాలోని యూదుల స్మారకం ముందు మోకరిల్లిన ఛాన్సలర్ విలీ బ్రాంట్ కూడా నాజీలను వ్యతిరేకించి దేశం విడిచి వెళ్లినవారే. సొంత తప్పు లేనివారు ముందుకు రావడం వింతగా తోచవచ్చు. 1998లో నెదర్లాండ్స్‌లో బెర్టియన్ డూస్యే బృందం చేసిన అధ్యయనం ఈ మనస్తత్వాన్ని చూపింది. తమ దేశం ఇండొనేసియాను వలసగా చేసుకుని ఏలిన కాలంలో చేసిన అన్యాయాలను గుర్తుచేసినప్పుడు, వాటిలో ఏ పాత్రా లేని డచ్ విద్యార్థులకు కూడా తమ సమూహం తరఫున అపరాధ భావం కలిగింది. దాంతోపాటు ఆ దేశానికి ఏదైనా చేయాలన్న సుముఖత కూడా పెరిగింది.

క్రైసిగ్ పిలుపులో ఉన్న తెలివి ఇంకొకటి. ‘మమ్మల్ని క్షమించండి’ అని అడిగితే గాయపడినవారి మీద మరో భారం పడుతుంది. క్షమించకపోతే వాళ్లే కఠినులైపోతారు. ‘మీ దగ్గర పని చేయనివ్వండి’ అన్నప్పుడు ఒప్పుకునే హక్కు, కాదనే హక్కు రెండూ వాళ్ల చేతిలోనే ఉంటాయి.

దారి తప్పే బాధ

ఇంత మేలు చేయగల భావమే దారి తప్పితే కీడు చేస్తుంది. దిద్దుకునే వీలు లేనప్పుడు మనుషులు ఏం చేస్తారో 2009లో రాబ్ నెలిసెన్, మార్సెల్ జీలెన్‌బర్గ్ పరిశీలించారు. అవతలివారికి నష్టపరిహారం ఇచ్చే దారి మూసుకుపోతే, తప్పు చేసినవారు తమను తామే శిక్షించుకోవడానికి మొగ్గారు. హ్యారీ పాటర్ కథల్లో తప్పు చేసినప్పుడల్లా తల బాదుకునే డాబీ పేరునే ఆ ధోరణికి పెట్టారు. ఆ శిక్ష వల్ల నష్టపోయినవారికి ఒరిగేది ఏమీ లేదు. మనిషి మాత్రం నలుగుతూ ఉంటాడు.

ఇంకో చిక్కును ఇలోనా డె హోహ బృందం 2011లో చూపించింది. అపరాధ భావంలో ఉన్నవారు తాము నొప్పించినవారికి ఎక్కువ ఇస్తారు. కానీ ఆ ఎక్కువ తమ వాటా నుంచి తీసి ఇవ్వడం లేదు, సంబంధం లేని మూడో వ్యక్తి వాటాను కోసి ఇస్తున్నారు. ఈ దృశ్యం ఇళ్లల్లో చూస్తూనే ఉంటాం. పని ఒత్తిడిలో పెద్దకొడుకును పట్టించుకోలేదన్న బాధతో ఒక తండ్రి వాడికి ఖరీదైన ఫోను కొంటాడు. ఆ నెల తగ్గేది తండ్రి ఖర్చు కాదు, చిన్నకూతురి ట్యూషన్ ఫీజు. బాధ కళ్లను ఒకరి మీదే నిలిపేస్తుంది, పక్కన ఉన్నవారు కనపడకుండా పోతారు.

కావాలని ఎదుటివారిలో ఈ బాధను రగిలించడం మరో సమస్య. “మీరు అక్కడ సుఖంగా ఉండండి నాయనా, మా సంగతి ఎలాగోలా గడిచిపోతుందిలే” అనే మాట విన్న ప్రవాస తెలుగువారు తక్కువేమీ ఉండరు. అందులో ఒంటరితనం నిజం, ప్రేమా నిజమే. అలాంటి మాట ఒకసారి అంటే టికెట్ బుక్ చేయిస్తుంది. ప్రతి ఫోనులోనూ అంటే ఫోను చేయడానికే భయపడేలా చేస్తుంది. బాధ పెట్టి పని చేయించుకోవడం పనిచేస్తుంది గానీ, అవతలివారిలో కోపాన్ని పోగుచేస్తుందని బౌమైస్టర్ బృందం కూడా హెచ్చరించింది. “ఈ పండక్కి రాగలవా? నాకు ఒంటరిగా ఉంది” అని నేరుగా అడిగితే, వచ్చేవారికి తాము చేయగలిగింది ఏమిటో తెలుస్తుంది.

చివరగా, ఏ తప్పూ లేకుండానే మోసే బరువు ఒకటుంది. ప్రమాదంలో పక్కవారు పోయి తాము మిగిలినవారికి, కొవిడ్ కాలంలో విమానాలు లేక తల్లిదండ్రుల కడచూపుకు నోచుకోనివారికి ఈ బాధ తెలుసు. నాజీ శిబిరాల నుంచి బయటపడినవారిలో దీన్ని గుర్తించి, 1960లలో వైద్య ప్రపంచం దృష్టికి తెచ్చినవారు మానసిక వైద్యుడు విలియం నీడర్‌లాండ్. “నీ తప్పేం లేదు” అన్న ఓదార్పు వీళ్లకు చాలదు, ఎందుకంటే ఆ సంగతి వాళ్ల బుద్ధికి తెలుసు. చాలామంది పోయినవారి పేరు మీద ఒక పిల్లవాణ్ని చదివించడమో, అలాంటి కష్టంలో ఉన్న కుటుంబానికి తోడు వెళ్లడమో చేస్తారు. బరువు నిద్రను, తిండిని తినేసే స్థాయికి వస్తే మాత్రం మానసిక వైద్యుల సాయం తీసుకోవడంలో ఆలస్యం చేయకూడదు.

ఏం చెప్పాలి, ఏం చేయాలి

ఇవన్నీ కలిపి చూస్తే, తప్పు చేశానన్న బాధ ఇతరుల పట్ల బాధ్యతగా మారాలంటే రెండు కావాలి. నష్టపోయిన మనిషి ముఖం కళ్లముందు ఉండాలి. చేయడానికి ఒక పని ఉండాలి. ముఖం లేకపోతే ఆ బాధ ఏదో ఒక విరాళంతోనో, ఉపవాసంతోనో చల్లారిపోతుంది. పని లేకపోతే లోపలే కుళ్లుతుంది. న్యూజీలాండ్ 1989లోనే చట్టం చేసి, తప్పు చేసిన బాలుడి కుటుంబాన్ని, నష్టపోయినవారిని ఒకచోట కూర్చోబెట్టి, ఎలా సరిదిద్దాలో వాళ్లతోనే తేల్చించే సమావేశాలను అమల్లోకి తెచ్చింది. మన బడుల్లో ఇద్దరు పిల్లలు కొట్టుకున్నప్పుడు ప్రిన్సిపల్ గది బయట నిలబెట్టే బదులు ఇలా కూర్చోబెట్టడానికి ఏ చట్టమూ అక్కర్లేదు, ఓపిక ఉన్న ఒక టీచరు చాలు.

మాట విషయంలోనూ పరిశోధన సాయం చేస్తుంది. అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో రాయ్ లెవికీ బృందం 755 మందితో చేసిన రెండు ప్రయోగాల ఫలితాలను 2016లో ప్రచురించింది. క్షమాపణలో ఆరు భాగాలు ఉంటాయని వాళ్లు విడదీశారు. బాధను చెప్పడం, ఎందుకలా జరిగిందో వివరించడం, తప్పు తనదేనని ఒప్పుకోవడం, ఇక అలా చేయనని చెప్పడం, నష్టాన్ని సరిచేస్తానని ముందుకు రావడం, క్షమించమని అడగడం. వినేవారి మీద అన్నింటికన్నా ఎక్కువ ప్రభావం చూపింది తప్పు తనదేనని ఒప్పుకోవడం. రెండోది సరిచేస్తాననడం.

కాబట్టి పక్కింటి అద్దం పగలగొట్టిన పిల్లవాణ్ని మెడపట్టి “సారీ చెప్పు” అని తోసేకన్నా, వాడితో కలిసి వెళ్లి, ఏం పాడైందో ఆ ఇంటివాళ్ల నోటనే విననిచ్చి, బాగుచేయడానికి నువ్వేం చేయగలవని అడగడం మేలు. వాడు దాచుకున్న డబ్బులో కొంత పోవచ్చు, రెండు ఆదివారాలు ఆ ఇంటి తోటలో చెత్త ఎత్తాల్సి రావచ్చు. ఆఫీసులో కిందివారి మీద కేకలేసిన మేనేజరుకైనా, అన్న భూమి సరిహద్దు జరిపిన తమ్ముడికైనా వరస ఇదే. ముందు “నాదే తప్పు” అనడం, తర్వాత జరిగిన నష్టాన్ని పూడ్చడం. క్షమించాలా వద్దా అన్నది అవతలివారికే వదిలేయవచ్చు. లెవికీ బృందం అడిగినవారి లెక్కలో, క్షమించమని వేడుకోవడం ఆ ఆరింటిలో ఆఖరున ఉంది.